శుక్రవారం రాత్రి బయలుదేరి సోమవారం రాత్రికి ఇల్లు: వరంగల్ నుంచి అండమాన్‌కు ఇంటిల్లిపాదీ

వరంగల్ నుంచి ఇంటిల్లిపాదీ ఒక వారాంతంలో సముద్రం మధ్యలో ఉన్న దీవికి పోయి రావడం కుదిరే పనేనా అని చాలామంది అడుగుతుంటారు. కుదురుతుంది. శని, ఆదివారాలకు సోమవారం సెలవు కూడా కలిస్తే హాయిగా కుదురుతుంది. ఆరు నెలల ముందు ప్లాన్ చేయక్కర్లేదు, మంగళవారం అనుకుని శుక్రవారం బయలుదేరినా చాలు. కాకపోతే ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో తెలిసి ఉండాలి. హడావుడి ప్రయాణాలు చెడిపోయేది డబ్బులు చాలకపోవడం వల్ల తక్కువ, వరుస తప్పడం వల్ల ఎక్కువ. అందుకే ఇక్కడ వరుసగా చెప్తున్నాను.

ఏ దీవికి?

మనకు అందుబాటులో ఉన్నవి మూడు. మాల్దీవులకు వెళ్ళాలంటే మనవాళ్ళకు వీసా అక్కడ దిగాక ఇస్తారు, అది సుఖమే, కాని ఇంట్లో అందరికీ గడువున్న పాస్‌పోర్టులు ఉండాలి. అత్తమ్మకు, మామయ్యకు, ఐదేళ్ళ పిల్లకు పాస్‌పోర్టులు సిద్ధంగా ఉన్న ఇళ్ళు మన దగ్గర ఎన్ని? లక్షద్వీప్ అందమైనదే, కాని ముందుగా పర్మిట్ తీసుకోవాలి, మంగళవారం అనుకుంటే శుక్రవారానికి అయ్యే పని కాదు. మిగిలింది అండమాన్. భారతీయులకు పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్ దీవులకు వెళ్ళడానికి ప్రత్యేక అనుమతి అవసరం లేదు, ఆధార్ కార్డు చాలు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, రెండుంపావు గంటల్లో దిగుతారు. అక్కడ తెలుగువాళ్ళు కూడా చాలామందే ఉన్నారు, అంగట్లోనో ఆటోలోనో తెలుగు వినపడితే ఆశ్చర్యపోకండి.

పేర్ల విషయంలో ఒక మాట. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. 2018 డిసెంబరులో హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్‌గా, నీల్‌ను షహీద్ ద్వీప్‌గా, రాస్ దీవిని నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్‌గా మార్చారు. టికెట్ల సైట్లలో కొన్నిచోట్ల పాతది, కొన్నిచోట్ల కొత్తది కనిపిస్తుంది, రెండూ గుర్తుంచుకుంటే బుక్ చేసేటప్పుడు కంగారు ఉండదు.

ఎప్పుడు పోవచ్చు, ఎప్పుడు వద్దు

జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. నైరుతి రుతుపవనాలు మన దేశంలో మొదట తాకేది అండమాన్‌నే, మే నెల మధ్య నుంచే అక్కడ వానలు మొదలవుతాయి. మనకు వరంగల్‌లో ఎండలు మండిపోతుంటాయి కాబట్టి అక్కడ వాన అన్న సంగతే తట్టదు. అక్టోబరు, నవంబరుల్లో తుపానుల బెడద. అందుకే బతుకమ్మ, దసరా సెలవులు పొడవుగా వచ్చినా ఈ ప్రయాణానికి నేను వాటిని వాడను. సంక్రాంతి సెలవులు వాతావరణానికి బంగారం, టికెట్ ధరకు మాత్రం కాదు. జనవరి 26 శుక్రవారమో సోమవారమో పడిన ఏడాది, మార్చిలో హోలీ, ఆ తర్వాత ఉగాది, గుడ్ ఫ్రైడే, వీటిలో ఏది వారాంతానికి ఆనుకుని వస్తే అది పట్టుకోండి.

మేడారం జాతర రెండేళ్ళకోసారి మాఘ మాసంలో వస్తుంది కదా, ఆ వారంలో హైదరాబాద్ రోడ్డు మీద విమానం టైమ్‌కు చేరతామని నమ్మి బయలుదేరొద్దు. జాతరకే పోండి, దీవి ఎక్కడికీ పోదు.

మంగళవారం రాత్రి: టికెట్లు ఏ వరుసలో కొనాలి

ముందు విమానం. రానూ పోనూ కలిపి ఇంట్లో అందరి టికెట్ల మొత్తం చూడండి, ఖర్చులో పెద్ద ముద్ద అదే. ఆ అంకె చూసి మనసు ఒప్పుకోకపోతే అక్కడే ఆపేయండి, మిగతావి చూస్తూ కూర్చుంటే ఆశ పెరుగుతుంది తప్ప ధర తగ్గదు. శనివారం పొద్దున్నే హైదరాబాద్‌లో ఎక్కే విమానం, సోమవారం పోర్ట్ బ్లెయిర్‌లో ఎక్కే విమానం, ఈ రెండూ దొరికితేనే ప్లాన్ ఉన్నట్టు.

డబ్బు కట్టే ముందే పడవల సీట్లు చూడాలి. ఇది చాలామంది మరిచిపోతారు. విమానం మిమ్మల్ని పోర్ట్ బ్లెయిర్‌లో దింపుతుంది, హేవ్‌లాక్, నీల్ దీవులకు అక్కడి నుంచి సముద్రం మీద గంటన్నర నుంచి రెండున్నర గంటల ప్రయాణం. ప్రభుత్వ పడవలు చవక, నిదానం, వాటి టికెట్లు స్థానికులకే చాలవు. మాక్రుజ్, నాటికా, గ్రీన్ ఓషన్ లాంటి ప్రైవేటు పడవలు ఏసీతో, వేగంగా వెళ్తాయి, తలకు ఒకవైపు వెయ్యి పైచిలుకు అవుతుంది, టికెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. సెలవుల వారంలో అవీ నిండిపోతాయి. ఒక కిటికీలో విమానం, ఇంకో కిటికీలో పడవ తెరిచిపెట్టుకుని, తిరిగి వచ్చే పడవలో అందరికీ సీట్లున్నాయని చూశాకే విమానానికి డబ్బు కట్టండి. ఆ వెంటనే తిరుగు పడవ, దాని తర్వాత వెళ్ళే పడవ, చివరికి గది. గదులు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, పడవ సీట్లు దొరకవు.

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి: తిరుగు విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోవాలి. సముద్రం అల్లకల్లోలమైతే పడవలు ఆపేస్తారు, ఎవరిని బతిమాలినా కదలవు. ఆదివారం రాత్రి కూడా దీవిలోనే ఉండి సోమవారం పొద్దున పడవలో వచ్చి విమానం ఎక్కుదాం అనుకున్న కుటుంబాలు ఒడ్డున సామాన్లతో కూర్చుని, ఐదారు టికెట్ల డబ్బు పోగొట్టుకుంటాయి. ఒక సాయంత్రం తగ్గితే తగ్గింది.

అందుకని మూడు రోజుల లెక్క ఇలా ఉంటుంది: శనివారం దిగి మధ్యాహ్నం పడవలో ఒక దీవికి, ఆదివారం సాయంత్రం పడవలో మళ్ళీ పోర్ట్ బ్లెయిర్‌కు, సోమవారం విమానం. ఒకే ఒక్క దీవి. హేవ్‌లాక్, నీల్ రెండూ చూడాలంటే ఐదు రోజులు పెట్టుకోండి. సోమవారం సెలవు దొరకక రెండు రోజులే ఉంటే పడవ జోలికే పోకుండా పోర్ట్ బ్లెయిర్‌లో ఉండి, సెల్యులార్ జైలు, రాస్ దీవి చూసి వచ్చేయండి, అది కూడా మంచి ప్రయాణమే. ఏజెంట్లు బారాటాంగ్ సున్నపురాయి గుహలు కూడా కలిపేస్తామంటారు. ఆ దారి జరావా ఆదివాసుల రక్షిత అడవిలోంచి కాన్వాయ్‌గా పోతుంది, మబ్బులనే లేచి బయలుదేరాలి, రోజంతా దానికే పోతుంది. జరావాలను ఫోటో తీయడం నేరం కూడా. చిన్న పిల్లలతో వారాంతంలో అది వద్దు.

హేవ్‌లాకా, నీలా?

నా మాట సూటిగా చెప్తాను. నానమ్మ, తాతయ్య వస్తుంటే, ఆరేడేళ్ళ లోపు పిల్లలుంటే నీల్. చిన్న దీవి, చాలావరకు చదును, ఒక చివర నుంచి ఇంకో చివరకు ఆటోలో పావుగంట కూడా పట్టదు. భరత్‌పూర్ బీచ్‌లో నీళ్ళు లోతు తక్కువ, అద్దం అడుగున్న పడవలో కూర్చుంటే నీళ్ళలో దిగలేని పెద్దవాళ్ళు కూడా పగడాలు, చేపలు చూడొచ్చు. లక్ష్మణ్‌పూర్ బీచ్‌లో సూర్యాస్తమయం. సహజ రాతి వంతెన దగ్గరికి మాత్రం నీళ్ళు వెనక్కి పోయే ఆటు సమయంలోనే, నాచు పట్టిన రాళ్ళ మీద నడిచి పోవాలి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళను పైనే కొబ్బరి బోండాల దుకాణం దగ్గర కూర్చోబెట్టడం మేలు.

పిల్లలు పెద్దవాళ్ళయి, నీళ్ళలో ఆడాలని, స్కూబా (గాలి సిలిండర్‌తో నీటి అడుగుకు దిగడం) చేయాలని సరదా పడుతుంటే హేవ్‌లాక్. జెట్టీ నుంచి డజను కిలోమీటర్ల దూరంలో రాధానగర్ బీచ్, తెల్లటి మెత్తటి ఇసుక, వెనకే ఆకాశాన్నంటే చెట్లు. 2020లో దానికి శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది.

శుక్రవారం: సంచీ

దీవిలో చిన్న సంచీతో పడవ ఎక్కి దిగాలి, జెట్టీ మీద చాలా దూరం నడవాలి. మనిషికి ఒక వీపు సంచీ, ఇంటికంతా కలిపి ఒక్క సూట్‌కేసు, అంతే. ఆధార్ అసలు కార్డులు, పిల్లలవి కూడా, పడవ దగ్గర కూడా అడుగుతారు. రెండేళ్ళ లోపు బిడ్డకు పుట్టిన తేదీ పత్రం పెట్టుకోండి. చేతిలో నగదు ఉండాలి, ఎందుకంటే చిన్న దీవుల్లో ఫోన్ సిగ్నల్ ఒక్కోచోట ఉంటుంది, ఒక్కోచోట ఉండదు, సిగ్నల్ లేకపోతే ఫోన్‌పే చేసేదేమీ లేదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక పోర్ట్ బ్లెయిర్‌లో ఇంటర్నెట్ బాగుపడింది. అయినా టికెట్లన్నీ స్క్రీన్‌షాట్లు తీసి, ఒక సెట్టు కాగితం మీద ప్రింటు పెట్టుకోండి.

పడవలో వాంతులయ్యేవాళ్ళు ఇంట్లో ఒక్కరైనా ఉంటారు. మాత్ర ఎక్కే ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేస్తే పని చేయదు. పిల్లలకు ఏది, ఎంత ఇవ్వాలో మీ డాక్టర్‌ను శుక్రవారమే అడిగేయండి. బీపీ, షుగర్ మందులు సూట్‌కేసులో కాకుండా చేతి సంచీలో ఉండాలి.

తిండి సంగతి. సకినాలు, సర్వపిండి, గారెలు ఏవైనా పెట్టుకోండి, ఆకలేసిన పిల్లాడికి జెట్టీ దగ్గర అవే దిక్కు. పచ్చడి సీసా చేతి సంచీలో పెడితే చెకింగ్‌లో ఆపేస్తారు, గట్టిగా చుట్టి సూట్‌కేసులో వేయండి. కుడుకలు మాత్రం ఎందులోనూ వద్దు. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, మంట అంటుకునే వస్తువుల కింద లెక్కేసి విమానంలో ఒప్పుకోరు. ప్రసాదంలో కుడుక ముక్క ఉన్నా తీసి పక్కన పెట్టేయండి. మనిషికో జత పాత చెప్పులు కూడా పెట్టుకోండి, వాటి సంగతి కిందికి వస్తే తెలుస్తుంది.

శుక్రవారం రాత్రి: రోడ్డు

మామునూరు నుంచి విమానాలు ఎగిరేదాకా మనకు శంషాబాదే గతి. హనుమకొండ నుంచి జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా ఘట్‌కేసర్ వచ్చి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఊళ్ళో ట్రాఫిక్ తగలకుండా విమానాశ్రయం చేరొచ్చు, మొత్తం సుమారు 170 కిలోమీటర్లు, మూడు గంటల పైచిలుకు. కరీంనగర్ వాళ్ళకు రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దగ్గర, నిజామాబాద్, ఆదిలాబాద్ వాళ్ళకు మేడ్చల్ దగ్గర ఔటర్ తగులుతుంది.

ఆరు, ఏడు గంటల విమానానికి అర్ధరాత్రి ఒంటిగంటకు బయలుదేరదామనుకుంటారు చాలామంది. నేను వద్దంటాను. డ్రైవర్ కళ్ళు మూతపడే సమయం అదే, పిల్లలకు నిద్ర చెడితే మర్నాడంతా ఏడుపే. శుక్రవారం సాయంత్రం ఆరింటికే ఇంటి నుంచి కదలండి. మన ఓరుగల్లు వాళ్ళలో ఉప్పల్, బోడుప్పల్ వైపు చుట్టాలు లేనివాళ్ళు అరుదు, అక్కడ తినేసి పడుకుని తెల్లవారుజామున పోవచ్చు, లేకపోతే శంషాబాద్ దగ్గర గది తీసుకోవచ్చు. కారు మూడు రోజులు విమానాశ్రయంలో వదిలితే పార్కింగ్ బిల్లు గట్టిగానే పడుతుంది, దింపి వెళ్ళే కారు మాట్లాడుకోవడం మేలు. రైల్లో అయితే కాజీపేట నుంచి సికింద్రాబాద్ రెండు గంటలు, అక్కడి నుంచి పుష్పక్ బస్సు.

శనివారం: గడియారం ఒకటే, సూర్యుడు వేరు

పోర్ట్ బ్లెయిర్ మనకంటే 13 డిగ్రీలు తూర్పున ఉంది, గడియారం మాత్రం అదే. అంటే సూర్యుడు అక్కడ మనకంటే దాదాపు 50 నిమిషాలు ముందే వస్తాడు, ముందే పోతాడు. చలికాలంలో సాయంత్రం ఐదింటికే చీకటి పడిపోతుంది. మధ్యాహ్నం భోంచేసి, కాస్త కునుకు తీసి, నాలుగున్నరకు బీచ్‌కు పోదాం అనుకుంటే అయిపోయినట్టే. రోజును ఒక గంట ముందుకు జరిపేసుకోండి: ఐదింటికి లేవడం, పదకొండున్నరకు భోజనం, రాత్రి ఎనిమిదిన్నరకు నిద్ర.

దిగిన దగ్గర్నుంచి పడవ దాకా కనీసం మూడు గంటలు ఉండేలా చూసుకోండి, విమానం ఆలస్యమైనా గుండె దడ ఉండదు. జెట్టీకి గంట ముందు చేరాలి. నాలుగైదు గంటలు దొరికితే సగం రోజుకు కారు మాట్లాడుకుని, సామాన్లు అందులోనే ఉంచి, నేరుగా సెల్యులార్ జైలుకు పోండి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేసిన జైలు అది. ఏడు వరుసల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక గది వెనుక భాగమే ఎదుటి గదికి కనిపించేలా కట్టారు, ఖైదీ ముఖం ఖైదీ చూడకుండా. పిల్లల్ని ఒక గదిలో నిలబెట్టి ఆ సంగతి చెప్పండి, వాళ్ళకే అర్థమవుతుంది. మన వైపు నుంచి కూడా ఒక కథ ఉంది: 1857 జూలై 17న హైదరాబాద్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడి చేసిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను ఈ దీవులకే పంపారు, ఇక్కడే కన్నుమూశాడు. అప్పటికి ఈ జైలు ఇంకా కట్టలేదు, కాని దీవే జైలు. కోఠీ బస్టాప్ తెలిసిన పిల్లలకు ఇది పుస్తకంలో పాఠం కంటే బాగా గుర్తుంటుంది.

ఆదివారం: నీళ్ళు

తెల్లవారగానే బీచ్‌కు పోండి. ఆ పొద్దున పూట ఎండ ఉండదు, జనం ఉండరు. ఆటుపోట్లు ముందురోజు రాత్రే హోటల్ వాళ్ళను అడిగి తెలుసుకోండి. ఆటుకు, పోటుకు మధ్య ఆరు గంటలు, రోజూ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంటాయి. ఆటులో నీళ్ళు వెనక్కి పోయి రాళ్ళు తేలతాయి, పడవలు కదలవు.

పాత చెప్పులు ఇక్కడికే. నీల్ ఒడ్డున ఇసుకలో చచ్చిన పగడాల ముక్కలు వేళ్ళంత పొడవున, రంపం పళ్ళలా గరుకుగా పడి ఉంటాయి. ఉత్త కాళ్ళతో పరిగెత్తిన పిల్లల అరికాళ్ళు గీసుకుపోతాయి, ఆ గీత తొందరగా మానదు. గీసుకుంటే మంచినీళ్ళతో బాగా కడిగి మందు రాయాలి. ఆ ముక్కల మధ్యే గవ్వలు కనపడతాయి. పిల్లలు ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంటారు, కాసేపు కదలకుండా ఉంటుంది, తర్వాత లోపలి నుంచి సన్నటి ఎర్రటి కాళ్ళు నెమ్మదిగా బయటికొస్తాయి. అది సన్యాసి పీత, ఆ గవ్వ దాని ఇల్లు. చూసి, తీసినచోటే పెట్టించండి.

పాఖాల, రామప్ప చెరువుల్లో ఈత నేర్చినవాళ్ళకు ఒక హెచ్చరిక. చెరువు నీళ్ళు నిలబడి ఉంటాయి, సముద్రం లాగుతుంది. లోపలికి లాగే ప్రవాహంలో పడితే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ప్రవాహం దాటాక బయటపడొచ్చు. లైఫ్‌గార్డు ఉన్నచోటే, గుర్తులు పెట్టిన హద్దులోనే దిగండి. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి, హెచ్చరిక బోర్డు ఉన్న వాగుల దగ్గర, మడ అడవుల దగ్గర నీళ్ళలో కాలు పెట్టొద్దు. 2010లో రాధానగర్ పక్కనే ఉన్న చిన్న ఒడ్డులో ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. భయపెట్టడానికి కాదు, బోర్డు చదవమని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

స్కూబాకు ఈత రాకపోయినా పర్వాలేదు, శిక్షకుడు పట్టుకునే ఉంటాడు. పదేళ్ళు నిండాలి. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి సమస్య ఉన్నవాళ్ళు, గర్భిణులు దిగకూడదు, ఫారంలో అబద్ధం రాయొద్దు. వారాంతపు ప్రయాణానికి అసలు చిక్కు ఇంకోటి: లోతులో ఒత్తిడికి రక్తంలో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి సమయం కావాలి, అంతలోనే విమానం ఎక్కితే పైన ఒత్తిడి తగ్గి అది బుడగలుగా మారి ప్రాణం మీదికి తెస్తుంది. స్కూబాకు, విమానానికి మధ్య కనీసం 18 గంటలు, 24 ఉంటే నిశ్చింత. కాబట్టి చేస్తే ఆదివారం మొట్టమొదటి బ్యాచ్‌లో చేయండి, ఆ టైమ్ దొరకకపోతే స్నార్కెలింగ్‌తో (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి పైన తేలుతూ చూడడం) సరిపెట్టుకోండి, దానికి ఈ బాధ లేదు.

మధ్యాహ్నం ఉప్పునీళ్ళు కడుక్కుని, తిని, పడవ టైమ్‌కు గంట ముందే జెట్టీలో ఉండండి. పోర్ట్ బ్లెయిర్ చేరాక ఓపిక ఉంటే సెల్యులార్ జైలులో లైట్ అండ్ సౌండ్ షో, టికెట్ ముందే తీసుకోవాలి. లేకపోతే అబర్దీన్ బజార్‌లో వేడి భోజనం, నిద్ర.

సోమవారం, సామాన్లు

విమానం మధ్యాహ్నమైతే పొద్దున్నే రాస్ దీవికి పోయి రావచ్చు, పడవలో పది పదిహేను నిమిషాలు. బ్రిటిష్ వాళ్ళు 1942లో వదిలి పోయిన భవనాల గోడల్ని మర్రి వేళ్ళు పెనవేసుకుని ఉంటాయి, జింకలు పిల్లల పక్కనే తిరుగుతుంటాయి. విమానం పదింటికే అయితే దాని జోలికి పోవద్దు.

విమానాశ్రయంలో సామాన్లు వెతుకుతారు. పగడం ముక్క, ఒడ్డున ఏరిన గవ్వలు తీసుకుపోవడానికి వీల్లేదు, పగడాలకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. పిల్లల జేబులు, సంచీల పక్క అరలు హోటల్లోనే ఖాళీ చేయించండి. గుర్తుగా ఏమైనా కావాలంటే ప్రభుత్వ సాగరిక దుకాణంలో బిల్లుతో కొని, బిల్లు చేతిలోనే ఉంచుకోండి.

సముద్రం ఒప్పుకోకపోతే

శుక్రవారం మధ్యాహ్నం వాతావరణ శాఖ బంగాళాఖాతంలో వాయుగుండం అంటే, పడవల వాళ్ళకు ఫోన్ చేసి అడగండి, వాళ్ళు అనుమానంగా మాట్లాడితే ప్రయాణం ఆపేయండి. సర్వీసు వాళ్ళే రద్దు చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది, మనం రద్దు చేస్తే కోత పడుతుంది, అందుకే బుక్ చేసేటప్పుడే ఆ షరతు చదవండి. పిల్లలకు అప్పటికే సంచీలు సర్దామని చెప్పి ఉంటారు కదా, వాటిని విప్పకండి. ములుగు జిల్లాలో లక్నవరం ఉంది, కాకతీయుల కాలం నాటి చెరువు, నీళ్ళ మధ్యలో పదమూడు చిన్న దీవులు, వేలాడే వంతెన మీద నడిచిపోయే కాటేజీలు. టూరిజం శాఖ సైట్‌లో గది దొరికితే హనుమకొండ నుంచి రెండు గంటల్లో అక్కడ ఉంటారు. దారిలోనే పాలంపేటలో రామప్ప గుడి. అదే సంచీలో సకినాలు ఉంటాయి, సుఖంగా తినొచ్చు, ఈసారి కుడుకలు కూడా వేసుకోవచ్చు.